బిల్లు సున్నా, అప్పు యాభై వేలు

గోస్పాడు,
2025 డిసెంబరు

పాపకు చిన్నమ్మ రాస్తున్నది.

శనగ పూత మీద ఉంది. పొద్దున్నే చేన్లోకి పోతే ఆకు మీది పులుపు అంటి కాళ్లు చురచురమంటున్నాయి. మీ నాయన ఈసారి రెండెకరాలే కౌలుకు పట్టినాడు. మూడో ఎకరా కూడా తీసుకుంటానని పట్టుబట్టినాడు గానీ మీ అమ్మా నేనూ ఒప్పుకోలేదు. మాత్రలు వేళకు వేసుకుంటున్నాడు, ఆ దిగులు పెట్టుకోవద్దు.

మొన్న ఫోన్లో నువ్వు మూడు సంగతులు చెప్పినావు. బీమా ఏజెంటు మీ ఇంటికి వచ్చి, జీఎస్టీ తీసేశారు, ఇప్పుడైతే పదిహేను వేలకే ఇంటిల్లిపాదికీ పాలసీ వస్తుందని కాగితం ఇచ్చి పోయినాడు. మీ షాపు యజమాని ఈఎస్‌ఐ కోత ఆపేసి ఆ డబ్బు చేతికే ఇస్తానన్నాడు. మీ అత్తగారేమో, ఇరవై ఐదు లక్షల ఆరోగ్యశ్రీ కార్డు బీరువాలో పెట్టుకుని ఇవన్నీ ఎందుకంటోంది. మూడూ ఒకే గంటలో చెప్పి, ఏం చెయ్యమంటావు చిన్నమ్మా అన్నావు. ఇది ఫోన్లో చెప్పే లెక్క కాదు పాపా. అందుకే రాస్తున్నాను. మీ ఆయనతో కూర్చుని చదువు.

ముందు నీకు తెలియని సంగతి ఒకటి చెప్పాలి. మీ అమ్మ చెప్పొద్దంది. నీకు పెండ్లయింది, సంసారం నీ చేతికి వచ్చింది, ఇంక దాచి ఏం లాభం.

2018 ఫిబ్రవరిలో మీ నాయనకు గుండెనొప్పి వచ్చింది గుర్తుందా. శనగ కోత నడుస్తోంది. గట్టు మీద కూలబడినాడని పక్క చేనువాళ్లు పరిగెత్తుకొచ్చినారు. ఊళ్లోవాళ్లకు, చుట్టాలకు మీ అమ్మ ఏం చెప్పింది? "దేవుడి దయ, కార్డు మీద స్టెంటు వేసినారు, ఒక్క రూపాయి కాలేదు." అది అబద్ధం కాదు. ఆపరేషన్ బిల్లులో మేం కట్టాల్సింది సున్నానే. కానీ నా దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. మీ అమ్మకు రాయడం రాదు కదా, ఆ ఏడాది లెక్కంతా నేనే రాసినాను. ఇప్పుడు దాన్ని ముందర పెట్టుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొదటి రాత్రి నంద్యాలలో ఒక ఆసుపత్రిలో ఈసీజీ, రక్తపరీక్షలు, ఇంజెక్షన్లు, గది: 9,600. అక్కడినుంచి కర్నూలుకు బండి: 3,500. 108కు ఫోన్ చేస్తే పైసా కాకుండా వచ్చేది, ఆ కంగారులో ఎవరికీ తోచలేదు. కర్నూలు ఆసుపత్రిలో పథకం అనుమతి వచ్చేలోపల కట్టించుకున్న పరీక్షలు: 6,400. తొమ్మిది రోజులు మీ అమ్మకూ నాకూ తిండి, పడక, రానూపోనూ బస్సులు: 7,500. ఆగిపోయిన కోతకూ నూర్పిడికీ కూలి మనుషులు: 13,000. తర్వాత ఏడాదిపాటు, ఆసుపత్రి ఇచ్చినవి కాక బయట కొన్న షుగరు, బీపీ మాత్రలు నెలకు 700 లెక్కన 8,400. చూపించుకోవడానికి కర్నూలు ప్రయాణాలు: 3,600. కూడి చూడు, 52,000 అవుతుంది.

మీ నాయన నాలుగు నెలలు కూలికి పోలేదు. ఆ డబ్బు పుస్తకంలో లేదు. రాని డబ్బును ఏ పద్దులో రాస్తాం?

ఇంట్లో రెండు వేలు ఉన్నాయి. మిగతా యాభై వేలకు నోటు రాసిచ్చినాడు, నూటికి రెండు రూపాయల వడ్డీ. నెలకు వెయ్యి. అసలు ముట్టచెప్పడానికి ముప్పై నెలలు పట్టింది. వడ్డీయే ముప్పై వేలు. మొత్తం 82,000. సున్నా బిల్లు వచ్చిన జబ్బుకు మనింటికి అయిన ఖర్చు ఇది.

ఆ ముప్పై నెలల నడుమనే నీ ఇంటర్ అయిపోయింది, అక్కడితో చదువు ఆగింది. చదువు మీద దానికి ధ్యాస లేదు, అందుకే మాన్పించినామని మీ అమ్మ నలుగురిలో చెప్పుకుంది. ధ్యాస లేక కాదు పాపా. నంద్యాలకు రోజూ బస్సు ఛార్జీ, ఫీజు, పుస్తకాలు అన్నీ కలిపితే ఆ వడ్డీకి కట్టే వెయ్యి దగ్గరికే వచ్చేవి. రెండింట్లో ఒకటే అయ్యేది. వడ్డీ కట్టినాము. మీ అమ్మను ఏమీ అనొద్దు. ఆమె ఈ సంగతి తలుచుకుని ఏడ్చిన రాత్రులు నాకు తెలుసు.

నన్ను నేను కూడా వదిలిపెట్టను. అప్పటికి నేను పదేళ్లుగా నంద్యాల ఆసుపత్రి గుమ్మంలో ఆ పథకం బల్ల వెనకాల కూర్చున్నదాన్ని. ఒకప్పుడు ఆరోగ్యమిత్ర అన్నారు, ఆ ఏళ్లలో వైద్యమిత్ర అన్నారు, మళ్లీ ఆరోగ్యమిత్ర, ఇప్పుడు తిరిగి వైద్యమిత్ర. పేరేదైనా పని ఒకటే: కార్డు చూసి, ఫొటో తీసి, రిపోర్టులు ఎక్కించి, పథకం నడిపే ట్రస్టు డాక్టరు అనుమతి తెప్పించడం. పథకంలో ఉన్న జబ్బని తేలి చేర్చుకుంటే దానికి చేసిన పరీక్షలు కూడా ప్యాకేజీలోవే, రోగి దగ్గర వసూలు చెయ్యకూడదని వందల మందికి నేనే చెప్పినాను. రోగికి భోజనం, ఇంటికి పోయే ఛార్జీ కూడా అందులోవేనని చెప్పినాను. అలాంటి నేను, మా బావ స్ట్రెచర్ మీద ఉంటే, కౌంటర్లో 6,400 కట్టమనగానే నోరెత్తకుండా కట్టినాను. బల్లకు అటుపక్క నిలబడితే తెలిసినవన్నీ మరిచిపోతాం. అందుకే రూల్స్ అన్నీ మంచిరోజుల్లోనే తెలుసుకుని, కాగితం మీద రాసి పెట్టుకోవాలంటాను.

ఇప్పుడు మీ అత్తగారి మాటకు వస్తాను. ఆమె అన్నది తేలిగ్గా తీసెయ్యొద్దు. ఆ కార్డు విలువ ఆమె తరానికే బాగా తెలుసు. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైంది, ముందుగా మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో. మరుసటి ఏడాదికి రాష్ట్రమంతా వచ్చింది. అంతకుముందు గుండె ఆపరేషన్ అంటే ఎకరం అమ్మడమే. లేదంటే సీఎం సహాయనిధి కోసం ఎమ్మెల్యే ఇంటి ముందు పడిగాపులు పడడం. ఆ రోజుల్లో మన కుందూ ఒడ్డున మాగాణి చేతులు మారిందంటే దాని వెనక ఏదో ఒక ఆసుపత్రి మంచం ఉండేది. ఆ అమ్మకాలు తగ్గినాయి. నా కళ్లతో చూసినాను.

అప్పట్లో ఇంటికి లక్షన్నర, పైన ఇంకో యాభై వేలు దాకా. తర్వాత రెండున్నర లక్షలు. 2019 తర్వాత ఏడాదికి ఐదు లక్షల ఆదాయం దాకా ఉన్న ఇళ్లను కూడా చేర్చినారు. 2023 డిసెంబరు 18 నుంచి పరిమితి ఇరవై ఐదు లక్షలు. మీ అత్తగారు పట్టుకున్నది ఈ అంకెనే. అది అబద్ధం కాదు. కాన్సరో, కిడ్నీ మార్పిడో వస్తే ఆ అంకె ప్రాణం నిలబెడుతుంది, అలాంటి రోజు ఎవరికీ రాకూడదు. కానీ మనలాంటి ఇండ్లు కూలింది ఇరవై ఐదు లక్షల దగ్గర కాదు. మొదటి రెండు రోజుల్లో చేతిలో ఉండాల్సిన ఇరవై వేల దగ్గర, తర్వాత నాలుగు నెలలు రాని కూలి దగ్గర. కార్డు ఆసుపత్రికి కడుతుంది. కిరాణా కొట్టుకు కట్టదు, పాలవాడికి కట్టదు, పిల్ల బస్సుపాసుకు కట్టదు.

దేశం మొత్తం లెక్క తీసినా ఇదే కనబడుతుంది. వైద్యానికి అయ్యే ఖర్చులో జనం సొంతంగా పెట్టుకునేది 2013-14లో నూటికి 64 రూపాయలు ఉండేది, 2021-22కు 39కి దిగిందని కేంద్రం లెక్కలు చెబుతున్నాయి. తగ్గింది, మంచిదే. కానీ ఆ మిగిలిన 39 ఎక్కడుందో చూడు. ఎక్కువగా ఓపీలో, మందుల షాపులో, స్కానింగు సెంటరులో ఉంది. మంచం ఎక్కితేనే పథకం పలుకుతుంది. మంచం ఎక్కకుండా నెలనెలా మాత్రలు కొనేవాడిని అది పలకరించదు.

కూలి సంగతి ప్రభుత్వానికి ఎప్పుడూ తోచలేదని కాదు. 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా పెట్టినారు. ఆపరేషన్ అయినాక డాక్టరు ఇన్ని రోజులు పని చెయ్యొద్దంటే రోజుకు 225, నెలకు ఐదు వేలు మించకుండా బ్యాంకులో వేసేవారు. మీ నాయనకు అది రెండేళ్లు ముందే వచ్చి ఉంటే ఆ నోటు బాగా తగ్గేది. ఇన్నేళ్లలో వచ్చిన మార్పులన్నిటిలో, పెద్ద పెద్ద అంకెల కంటే, ఆ 225 నాకు గొప్పగా అనిపించింది. జబ్బు మనిషికి వస్తే నష్టం ఇంటికి వస్తుందని తెలిసినవాళ్లు రాసిన రూలు అది. ఏ ప్రభుత్వం ఉన్నా అలాంటిది పథకంలో నిలబడాలని నేను గట్టిగా కోరుకుంటాను.

అందుకే చెబుతున్నాను, మీ షాపు యజమాని మాటకు తల ఊపొద్దు. ఈ ఉత్తరంలో వేరేదేదీ గుర్తుండకపోయినా ఇదొక్కటి గుర్తుంచుకో.

నీ జీతం 14,000. ఈఎస్‌ఐకి నీ దగ్గర కోసేది నూటికి ముప్పావలా, అంటే 105 రూపాయలు. ఆయన తన చేతినుంచి కట్టేది నూటికి మూడుంబావలా, అంటే 455. "నీ నూట ఐదు నీకే ఇస్తా" అంటున్నాడే, తన 455 మాట ఎత్తినాడా? ఆ డబ్బు ఆయన దయతో ఇచ్చేది కాదు. పది మంది, అంతకు పైన పనిచేసే షాపులో జీతం 21,000 లోపు ఉంటే కట్టి తీరాలి. మీ షాపులో పన్నెండు మంది ఉన్నారని నువ్వే చెప్పినావు.

ఆ 105 రూపాయలకు నీకేం వస్తుందో చూడు. నీకూ మీ ఆయనకూ వైద్యం, నీ మీద ఆధారపడిన అమ్మానాన్నలకు కూడా. డిస్పెన్సరీలో ఓపీ, మందులు. పైన చెప్పినానే, పథకం పలకరించని చోటు, ఈఎస్‌ఐ అక్కడ పలుకుతుంది. నీకు జబ్బు చేసి డాక్టరు సెలవు రాస్తే జీతంలో నూటికి 70, ఏడాదికి 91 రోజుల దాకా. నీ జీతానికి రోజుకు 326 రూపాయలు పడుతుంది. రేపు నీ కడుపు పండితే 26 వారాలు పూర్తి జీతం. ఆరు నెలలు పాప, ఎనభై వేలు దాటుతుంది! దీని గురించి మొన్నటి వరకు నువ్వు ఏమనుకున్నావు, పురుడు వస్తే ఉద్యోగం మానెయ్యాలి అనుకున్నావు కదా. కానీ దీనికి ఒక షరతు ఉంది. అంతకుముందరి నెలల్లో చందా పడి ఉండాలి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఒక విడత, అక్టోబరు నుంచి మార్చి ఒక విడత. ఆ విడతల్లో ఇన్ని రోజులని లెక్క ఉంది. ఇప్పుడు కోత ఆపేస్తే, సరిగ్గా అక్కర పడేనాటికి నీ చేతిలో ఏమీ ఉండదు.

యజమానితో గొడవ పెట్టుకోమని చెప్పడం లేదు. ఆయన కూడా నెలాఖరుకు లెక్కలు తడుముకునేవాడే అయ్యుంటాడు. "అన్నా, మా చిన్నమ్మ అట్లనే ఉండనీ అంది" అను. నీ ఈఎస్‌ఐ నంబరు పేస్లిప్పు మీద ఉంటుంది. మీ ఆయన పేరు, అమ్మానాన్నల పేర్లు అందులో ఎక్కినాయో లేదో చూడు. చాలామంది పేర్లు ఎక్కించరు, ఆసుపత్రిలో నిలబడినాక తెలుస్తుంది.

మీ ఆయన సంగతి వేరు. ఆళ్లగడ్డ శిల్పాల కార్ఖానాల్లో ఐదుగురో ఆరుగురో ఉంటారు, పది దాటరు. దేవుళ్లను చెక్కే చేతులకు ఈఎస్‌ఐ లేదు, పీఎఫ్ లేదు. మొన్న నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చినాయి. పది మంది కంటే తక్కువ ఉన్నచోట కూడా యజమానీ పనివాళ్లూ ఒప్పుకుంటే ఈఎస్‌ఐలో చేరొచ్చని, ప్రమాదకరమైన పని అయితే ఒక్కరు ఉన్నా చేరాల్సిందేనని అందులో ఉంది. రాతి దుమ్ము ఆ ప్రమాదం కిందికి వస్తుందో రాదో కార్ఖానాల వాళ్లు కలిసి లేబర్ ఆఫీసులో అడగాలి. ఒక్కడు అడిగితే పని పోతుందని భయం ఉంటుంది. ఇరవై కార్ఖానాల వాళ్లు కలిసి పోతే ఎవరి పనీ పోదు. అప్పటిదాకా మిషను మీద రాయి కోసేటప్పుడు నీళ్లు పోస్తూ కొయ్యమను, ముక్కుకు మంచి మాస్కు కట్టమను. తువ్వాలు చాలదు.

ఇప్పుడు పథకంలో వస్తున్న మార్పు చెబుతాను. దీన్ని గురించి ఊళ్లో రకరకాలుగా అనుకుంటున్నారు. ఈ సెప్టెంబరు 4న క్యాబినెట్ కొత్త ఆరోగ్య విధానానికి ఒప్పుకుంది. పేదా గొప్పా తేడా లేకుండా 1.63 కోట్ల కుటుంబాలకు బీమా. ఇంటికి ఏడాదికి రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీ కడుతుంది. మనలాంటి కార్డు ఉన్నవాళ్లకు ఆ పైన ఇరవై ఐదు లక్షల దాకా ట్రస్టు కడుతుంది. 3,257 చికిత్సలు, ఆరు గంటల్లో అనుమతి అన్నారు.

నాకిది పూర్తిగా కొత్తగా అనిపించలేదు. 2007లో మొదలైనప్పుడు కూడా బీమా కంపెనీయే ఉండేది, తర్వాత ట్రస్టు చేతికి వచ్చింది. రెండు పద్ధతుల్లోనూ బల్ల వెనకాల కూర్చున్నాను. దేని కష్టం దానిదే. ట్రస్టు అయితే ప్రభుత్వం డబ్బు ఆలస్యం చేస్తే ఆసుపత్రులు ముడుచుకుంటాయి. మొన్న అక్టోబరులో చూసినావు కదా, బకాయిలు రాలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేసినాయి. ఆ రోజుల్లో నంద్యాలలో తిరిగి తిరిగి చివరికి నోటు రాసిచ్చి చేర్పించిన ఇండ్లు మన వీధిలోనే రెండున్నాయి. సేవలు ఆగిన వారాలకు పథకం లెక్కలో ఖర్చు సున్నా, ఆ ఇండ్ల లెక్కలో అదే పెద్ద ఖర్చు.

బీమా కంపెనీ అయితే ప్రీమియం ముందే అందుతుంది గనక డబ్బు ఆడుతుంది, ఆసుపత్రి చేర్చుకోవడానికి వెనకాడదు. కానీ ప్రతి కేసులో కంపెనీకి తన డబ్బు పోతుంది. కాబట్టి కాగితం గట్టిగా చూస్తుంది. పేరులో అక్షరం తేడా, కార్డులో లేని పిల్ల, ఆధార్‌లో తప్పు పుట్టిన తేదీ, ఇంతకుముందు ఫోను చేసి సర్దినవన్నీ రేపు "క్వెరీ" అయి కూర్చుంటాయి. మార్పు మంచిదా చెడ్డదా అని నన్ను అడిగితే, కాగితాలు సరిగ్గా ఉన్న ఇంటికి మంచిది అంటాను. రాయడం రాని మీ అమ్మలాంటివాళ్లకు ఏమవుతుందో అన్నదే నా బెంగ. వాళ్లకోసం ఆ బల్ల వెనకాల మనిషి ఉండాలి. పథకం ఎవరి పేరున నడిచినా, ఆ మనిషిని తీసెయ్యకూడదు.

పెండ్లయినాక నీ పేరు మీ అత్తగారి ఇంటి కార్డులో ఎక్కిందా? ఇక్కడ మా కార్డులోనే ఇంకా ఉంది. రెండు చోట్లా ఉండకూడదు, రెండు చోట్లా లేకుండానూ ఉండకూడదు. సచివాలయంలో అడిగి మార్పించుకో. అత్తగారికి డెబ్భై నిండినాయంటావు గానీ ఆధార్‌లో ఏముందో చూడు. డెబ్భై దాటినవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఏడాదికి ఐదు లక్షల ఆయుష్మాన్ వయ వందన కార్డు కేంద్రం 2024 అక్టోబరు నుంచి ఇస్తోంది. ఆధార్‌లో అరవై ఆరు అని ఉంటే అరవై ఆరే.

ఇక ఏజెంటు. అతన్ని మోసగాడు అనుకోవద్దు, చెప్పింది నిజమే. సెప్టెంబరు 22 నుంచి సొంతంగా తీసుకునే ఆరోగ్య బీమా మీద జీఎస్టీ లేదు. పదిహేను వేల ప్రీమియం మీద ముందు 2,700 పన్ను పడేది. మధ్యతరగతికి అది మంచి ఊరటే. అయితే కంపెనీలు తాము కట్టే పన్నులు ఇదివరకు అందులో సర్దుకునేవి, ఇప్పుడా వీలు పోయింది. కాబట్టి వచ్చే ఏడాది అసలు ప్రీమియమే పెరుగుతుందేమో చూడాలి. ఈ ఏడాది రేటు చూసి పదేళ్ల లెక్క వేసుకోవద్దు.

నా మాట ఏమంటే, ఈ ఏడాది ఆ పాలసీ వద్దు. దానికోసం నీ మెడలో గొలుసు కుదువ పెట్టడం అసలే వద్దు. నీకు ఈఎస్‌ఐ ఉంది, ఇంటికి కార్డు ఉంది. మీ ఇంట్లో లేనిది చేతి డబ్బు. పదిహేను వేలంటే నెలకు 1,250. దాన్ని పోస్టాఫీసులోనో బ్యాంకులోనో వేరే ఖాతాలో వెయ్యి, పాతిక వేలు అయ్యేదాకా. ఆ ఖాతా జోలికి పండక్కి పోవద్దు, పెండ్లికి పోవద్దు, మీ ఆయన బండి రిపేరుకు పోవద్దు. అది నిండకముందే అక్కర పడితే, నోటు రాసే ముందు పొదుపు సంఘంలో అడుగు. అక్కడి వడ్డీకీ రెండు రూపాయల వడ్డీకీ ఎంత తేడా ఉందో పుస్తకం తెచ్చి చూపిస్తాను.

ఆ పాతిక వేలు నిండినాక, మీ ఆదాయం పెరిగినాక, అప్పుడు పాలసీ ఆలోచించు. జీతం 21,000 దాటి ఈఎస్‌ఐ పోయినా, కార్డు పోయినా వెంటనే ఆలోచించు. తీసుకునేటప్పుడు మీ అత్తగారి షుగరు దాచొద్దు. దాస్తే నాలుగు రోజులు బాగుంటుంది, క్లెయిమ్ రోజున బయటపడుతుంది. ఉన్న జబ్బుకు మూడేళ్లకు మించి ఆగమనకూడదని, ఐదేళ్లు వరుసగా కట్టినాక మోసం రుజువైతే తప్ప, ముందే చెప్పలేదని క్లెయిమ్ తోసెయ్యకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో రూలు పెట్టింది. చేరడానికి వయసు పరిమితి కూడా తీసేసింది. కాగితం చేతికొచ్చిన ముప్పై రోజుల్లో నచ్చకపోతే వెనక్కిచ్చెయ్యొచ్చు. ఆ ముప్పై రోజుల్లో చదవాల్సింది గది అద్దె దగ్గర. మూడు లక్షల పాలసీలో గదికి నూటికి ఒకటి అని ఉంటే రోజుకు మూడు వేలు. నువ్వు 4,500 గదిలో చేరితే గది తేడా ఒక్కటే పోదు, డాక్టరు ఫీజుతో సహా చాలా పద్దుల్లో మూడింట రెండు వంతులే ఇస్తారు. ఆ పద్దులు లక్షా ఇరవై వేలు అయితే వచ్చేది ఎనభై వేలు. ఆ నలభై వేలకు మళ్లీ నోటు. కంపెనీ అన్యాయంగా తోసేస్తే హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు, వకీలు అక్కర్లేదు, ఫీజు లేదు. ముందు కంపెనీకి రాతపూర్వకంగా రాసి ముప్పై రోజులు చూడాలి.

ఇంకొకటి. ఒంట్లో బాగాలేకపోతే ముందు నంద్యాల పెద్దాసుపత్రికే పోండి. ఇదివరకు మాదిరి ప్రతిదానికీ కర్నూలు పరిగెత్తనక్కర లేదు. 2023లో మెడికల్ కాలేజీ వచ్చింది, డాక్టర్లు పెరిగినారు. రద్దీ ఉంటుంది, నిజమే. కానీ ఆ మొదటి రాత్రి 9,600 ఉండదు.

చివరగా మీ ఆయన వేళ్లు. నవ్వొద్దు. మూడేండ్ల కిందట ఆళ్లగడ్డనుంచే ఒక శిల్పిని మా బల్ల దగ్గరికి తీసుకొచ్చినారు, చెయ్యి నలిగింది. బాగున్న చేతి బొటనవేలు వేలిముద్రల మిషను మీద పెట్టిస్తే పట్టలేదు. తుడిచినాము, నూనె రాసినాము, ఆ చేతి ఐదు వేళ్లూ పెట్టించినాము. ఉలి పట్టి పట్టి, రాయి రుద్ది రుద్ది, గీతలన్నీ అరిగి వేళ్లు నున్నగా ఉన్నాయి. ఆ మనిషి తన వేళ్లు తానే కొత్తగా చూస్తున్నట్టు చూసుకుంటా నిలబడినాడు. భార్య కొంగులో డబ్బులు విప్పడం మొదలుపెట్టింది. చివరికి కంటిపాపతో అయింది గానీ, గంటన్నర పోయింది.

మీ ఆయన ఆధార్‌లో వేలిముద్రలు ఎప్పుడు ఇచ్చినవో? పదేండ్ల కిందటివైతే అవి ఇప్పటి వేళ్లు కావు. కంటిపాప, ముద్రలు రెండూ కొత్తగా ఇప్పించాలి, ఫోన్ నంబరు కూడా సరిచూడాలి. వచ్చే ఆదివారం పొద్దున బస్సుకు వస్తాను. నోటుపుస్తకం తెస్తాను. నువ్వు పేస్లిప్పు, రేషన్ కార్డు, అందరి ఆధార్‌లు, అత్తగారి మందుల చీటీలు ఒక కవరులో పెట్టి ఉంచు. ఆయన్ను ఆ రోజు పనికి పోకుండా ఇంట్లో ఉండమను, వేళ్లు చూడాలి.

మీ నాయన నీకోసం శనగాకు కోసి ఎండబెడుతున్నాడు. అదీ తెస్తాను.

మీ చిన్నమ్మ